‘పడదు’ అంటే సరిపోదు – ఏది పడదో, ఏమైందో చెప్పండి



ఓ.పి.లో చీటీ రాసేటప్పుడు మేము ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. “మీకు ఏ మందైనా పడదా?” దానికి రకరకాల జవాబులు వస్తాయి. “ఏదో తెల్లబిళ్ళ పడదమ్మా.” “ఒక సూది పడలేదు, పేరు తెలియదు.” “ఇంగ్లీషు మందులేవీ పడవు.” కొందరు ఏమీ లేదని చెప్పి, తీరా మేము సిరంజి పట్టుకున్నాక “సిస్టర్, ఇది పెన్సిలిన్ కాదు కదా?” అంటారు.

ఈ జవాబులతో డాక్టరుగారికి గాని, మాకు గాని పని జరగదు. ‘పడదు’ అన్నది సగం మాట మాత్రమే. ఏది పడలేదు, వాడిన ఎంతసేపటికి, ఒంట్లో ఏం జరిగింది అన్న మూడు సంగతులు కలిస్తేనే అది పూర్తి మాట అవుతుందని మా అభిప్రాయం.

ఒక మాట, ఎన్నో అర్థాలు

మన భాషలో ‘పడదు’ చాలా బరువు మోస్తుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరం, అది పడదు. యాంటీబయోటిక్ వేసుకుంటే రెండు విరేచనాలు, అదీ పడదు. రొయ్యలు తిన్న పావుగంటకు పెదవులు వాచి ఊపిరాడకపోతే, అదీ పడదే. ఆఖరికి అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేకపోయినా ‘పడదు’ అనే అంటాం!

వీటిలో రొయ్యల సంగతి ఒక్కటే ఎలర్జీ. పాలతో ఉబ్బరం చాలామందిలో అందులోని చక్కెర అరగకపోవడం. యాంటీబయోటిక్‌తో విరేచనాలు ఆ మందు సైడ్ ఎఫెక్ట్. ‘ఎలర్జీ’ అనే పేరును 1906లో వియన్నాలోని పిల్లల డాక్టరు క్లెమెన్స్ వాన్ పిర్కే పెట్టారు. మన రక్షణ వ్యవస్థ ఇంటి కావలివాడి లాంటిది. ఆ కావలివాడు చుట్టాన్ని దొంగ అనుకొని కర్ర తీస్తే ఎలా ఉంటుందో ఎలర్జీ అలా ఉంటుంది. హాని చేయని పదార్థాన్ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ అది లోపలికి వచ్చినప్పుడు హిస్టమిన్ వంటి రసాయనాలు విడుదలై దురద, దద్దుర్లు, వాపు, తుమ్ములు, ఆయాసం వస్తాయి. అందుకే “ఇంతకుముందు తిన్నాను, ఏమీ కాలేదు” అన్నది హామీ కాదు.

ఎలా గుర్తించాలి?

గడియారం చూడడం మొదటి పని. తిండి, మందు, కందిరీగ కాటు వల్ల వచ్చే తీవ్రమైన ఎలర్జీ ఎక్కువగా నిమిషాల్లోనే, లేదా రెండు గంటలలోపు కనబడుతుంది. చర్మానికి తగిలిన వాటివల్ల వచ్చేది ఒకటి రెండు రోజులు ఆగి రావచ్చు. తలకు హెయిర్ డై వేసుకున్న మర్నాడు నుదురు, చెవులు, కళ్ళు వాచడం, గిల్టు దిద్దులు పెట్టిన చోట రసి కారడం ఈ రకమే. కొన్ని మందులకు కొన్ని రోజులు వాడాక కూడా దద్దుర్లు రావచ్చు.

పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు నీరుగా కారడం, కళ్ళ దురద ఉండి జ్వరం లేకపోతే దుమ్ము ఎలర్జీని అనుమానించాలి. పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనిపించని దుమ్ము పురుగులు, బొద్దింకలు దీనికి ముఖ్య కారణాలు. పొలం పనివారికి ముఖం, మెడ, మోచేతి మడతల్లో దురద పుట్టి చర్మం మందమైతే వయ్యారిభామ మొక్కను గుర్తు తెచ్చుకోండి. 1950ల నుంచి మన దేశమంతా పాకిన ఈ కలుపును ఉత్త చేతులతో పీకకండి.

దురద వచ్చిందల్లా ఎలర్జీ కాదు. రాత్రిపూట ఎక్కువై, వేళ్ళ సందుల్లో ఉండి, ఇంట్లో నలుగురికీ అంటితే అది గజ్జి. గుండ్రంగా అంచులు కట్టి పాకితే తామర. తామరకు దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టుండి తర్వాత ఒళ్ళంతా పాకుతుంది.

పరీక్షలు చెప్పేదెంత?

ప్రిక్ టెస్టులో ముంజేతి మీద చుక్కలు వేసి సన్నని మొనతో పైపైన గుచ్చుతారు. 15 – 20 నిమిషాల్లో బొబ్బ లేస్తుందేమో కొలుస్తారు. దీనికి ముందు కొన్ని రోజులు, సాధారణంగా వారం, ఎలర్జీ మాత్రలు ఆపాలి. ఎన్ని రోజులో మీ డాక్టరుగారిని అడగండి. చర్మంపై పరీక్ష కుదరనివారికి రక్తంలో ఐజిఇ పరీక్ష ఉంది. నగలు, డై వంటివాటికి వీపు మీద పట్టీలు అతికించి 48 గంటల తర్వాత విప్పి, మరో రెండు రోజుల్లో మళ్ళీ చూస్తారు. దాన్ని ప్యాచ్ టెస్ట్ అంటారు.

అయితే పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ పదార్థం మీకు ఎలర్జీ అని కాదు. శరీరం దాన్ని గుర్తుపట్టింది అని మాత్రమే అర్థం. తిన్నప్పుడు ఏమైందో మీరు చెప్పే సంగతి దానికి తోడు కావాలి. డబ్బు పోసి పెద్ద పెద్ద జాబితాలు పరీక్ష చేయించి, పాజిటివ్ వచ్చిన కూరలన్నీ మానేసేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. ఎదిగే బిడ్డకు ఒక దద్దురుకే గుడ్డు, పాలు, చేప, పల్లీలు అన్నీ మాన్పించకండి. బాలింతకు పొరుగింటివారు చెప్పిన పథ్యం పెట్టకండి. నిజంగా గుడ్డు, పాల ఎలర్జీ ఉన్న పిల్లల్లో కూడా చాలామందికి వయసుతో అది పోతుంది. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి. ఇంట్లో ప్రయోగాలు వద్దు.

తప్పుడు ముద్ర వల్ల నష్టం

పెన్సిలిన్ పడదని ముద్ర ఉన్నవారిని అమెరికాలో పద్ధతిగా పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నిజమైన ఎలర్జీ లేదని తేలింది. అది చిన్న విషయం కాదు. రుమాటిక్ గుండె జబ్బు ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి, ఏళ్ళ తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ సూది నొప్పికి భయపడి పిల్లవాడు చెమటలు పట్టి కళ్ళు తిరిగి పడిపోతే, పడుకోబెట్టగానే తేరుకుంటే, అది చాలాసార్లు సొమ్మసిల్లడమే. దానికి ‘పెన్సిలిన్ పడదు’ అని ముద్ర వేస్తే గుండెను కాపాడే చౌకైన మందు ఆ బిడ్డకు దూరమవుతుంది. అలాగని మీరే ఆ ముద్ర తీసేసుకోకండి. ఏం జరిగిందో చెప్పి, డాక్టరుతో తేల్చుకోండి.

టెస్ట్ డోసు మీదనే భారం వేయడం కూడా మంచిది కాదు. అందులో ఏమీ రాకపోయినా పూర్తి మందుకు రియాక్షన్ రావచ్చు. అందుకే సూది వేశాక కాసేపు కూర్చోమంటే బస్సు పోతుందని విసుక్కోకండి.

ప్రాణం మీదికి వస్తే

దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్ళు బైర్లు కమ్మడం – వీటిలో ఏది తోడైనా అది అత్యవసరం. కొన్నిసార్లు దద్దుర్లు లేకుండానే ఇవి రావచ్చు. ఇలాంటప్పుడు మొదటి మందు అడ్రినలిన్. దాన్ని తొడ బయటివైపు కండలో ఇస్తారు. ‘ఎలర్జీ ఇంజెక్షన్’ అని వాడుకలో ఉన్నది దద్దుర్లకు, దురదకు పనికొస్తుంది గాని మూసుకుపోయే గొంతును, పడిపోయే బి.పి.ని నిలబెట్టదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఆయాసం ఉంటే కూర్చోనివ్వండి. నడిపించకండి. తగ్గిందని వెంటనే ఇంటికి తీసుకుపోవద్దు, కొన్ని గంటల్లో తిరగబెట్టవచ్చు.

రోజూ చేయగలిగినవి

పడనిదాన్ని దూరం పెట్టడమే మొదటి వైద్యం. పక్క దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి వేడినీళ్ళతో ఉతకండి. ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. క్రిస్మస్‌కు ఇల్లు దులిపి సున్నాలు వేసే రోజున ఆయాసం ఉన్నవారిని వేరే ఇంట్లో ఉంచండి. మత్తు తెచ్చే ఎలర్జీ మాత్ర వేసుకొని బండి నడపకండి. ఇన్‌హేలర్ అలవాటై మానలేమన్న భయంతో డాక్టరు రాసినదాన్ని ఆపకండి. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరడానికే దాన్ని ఇస్తారు. సంఘంలో ప్రేమవిందు వండేవారు కూరలో రొయ్యపొడి, పల్లీలు వేస్తే ముందే చెప్పండి. చిన్న మాటే గాని, ఒక బిడ్డకు అదే రక్ష.

చీటీ ఎవరు రాయాలి?

“ఇంగ్లీషు పేర్లు మాకెలా గుర్తుంటాయమ్మా?” అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకే గుర్తుపెట్టుకోమని మేము అనడం లేదు. రియాక్షన్ వచ్చిన మందు అట్ట పారేయకుండా తీసుకురండి. లేదా పిల్లల చేత ఫోనులో ఫోటో తీయించండి. మందు పేరు, తేదీ, ఎంతసేపటికి ఏమైంది, ఏ వైద్యంతో తగ్గింది అని ఒక కాగితంపై రాయించి ఆధార్ కార్డుతో కలిపి పెట్టుకోండి. ఆ సంగతి ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. స్పృహ లేనప్పుడు మీరు చెప్పలేరు కదా.

ఇందులో మా వంతు కూడా ఉంది. రియాక్షన్ వచ్చినవారికి మందు పేరు రాసివ్వకుండా “ఇది మీకు పడలేదు, ఇకమీదట వాడకండి” అని నోటితో చెప్పి పంపితే, ఆ పేరు తెలియకపోవడం రోగి తప్పు కాదు. వైద్యం చేసినవారి తప్పు. ఏ ఆసుపత్రిలోనైనా సరే, “సిస్టర్, ఆ పేరు రాసివ్వండి” అని అడగండి. అడగడం మీ హక్కు, రాసివ్వడం మా విధి. ఈసారి వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చి, ఓ.పి. చీటీ పైభాగాన ఎర్ర సిరాతో ఎక్కించుకోండి.

ప్రభువు మిమ్మును మీ కుటుంబములను క్షేమముగా కాపాడునుగాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్