రెంటచింతల ఎండకు హెచ్చరిక ఉంది, మనాలి మంచుకో?

మే నెలలో రెంటచింతల ఎండ సంగతి పల్నాడులో ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా వడగాడ్పుల జాబితా మండలాలవారీగా, తెలుగులో, ముందురోజే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి వచ్చేస్తుంది. అదే ఇంటి కుర్రాడు చలికాలంలో కేదార్‌కంఠ ట్రెక్కింగుకో మనాలికో బయల్దేరితే ఇంట్లో వాళ్లు అడిగేది స్వెట్టరు పెట్టుకున్నావా, టికెట్టు ఖరారైందా అనే. కొండ మీద మంచు ఎలా ఉందో అడిగే అలవాటు మనకింకా పట్టలేదు.

మంచు చరియలు చెప్పి రావనుకుంటాం. చాలాసార్లు చెప్పే వస్తాయి. చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల డీజీఆర్‌ఈ హిమాలయ జిల్లాలకు చరియల ముప్పు ఏ స్థాయిలో ఉందో చలికాలమంతా ప్రకటిస్తూనే ఉంటుంది. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ పైన మాణా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ కూలీల శిబిరాన్ని చరియ ముంచేసింది. చమోలీ జిల్లాకు హెచ్చరిక ముందురోజు సాయంత్రమే వెలువడింది, శిబిరం మాత్రం ఖాళీ కాలేదు. 54 మందిలో ఎనిమిది మంది పోయారు. మిగతావారిలో చాలామందిని కాపాడింది వాళ్లు తలదాచుకున్న ఇనుప కంటెయినర్లే.

అసలు గుట్టు మంచు పొరల్లో ఉంది. నేలకు ఆనుకున్న మంచు కాస్త వెచ్చగా ఉంటుంది, పైపొర ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో గడ్డకట్టుకుపోతుంది. ఆ తేడాకు కింది ఆవిరి పైకి పాకి, మధ్యలోని మంచు పంచదార పలుకుల్లా విడివిడిగా అయిపోతుంది. పిడికిట పట్టి నొక్కినా ముద్ద కాదు. దాని మీద కొత్త మంచు పలకలా పేరుకుంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో అలాంటి చోట ఒక మనిషి అడుగు చాలు, పలకంతా జారిపోవడానికి. మంచులో తిరగడానికి వెళ్లి చిక్కుకున్నవారిలో ఎక్కువమంది మీద పడినవి తామో తమ జట్టువాళ్లో కదిలించిన చరియలే. కొత్త మంచు కురిసిన మర్నాడు ఎండ కాస్తే ఫొటోలు బాగా వస్తాయి, ప్రమాదమూ అప్పుడే ఎక్కువ.

అనుభవం ఉంటే చాలదా? 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం చరియలో చిక్కుకుంటే 27 మృతదేహాలు దొరికాయి. అదే ఏడాది మేలో ఎవరెస్టు ఎక్కొచ్చిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ వారిలో ఒకరు.

సియాచిన్‌లో జవానుకు వెళ్లాలో వద్దో ఎంచుకునే వీల్లేదు. 2016 ఫిబ్రవరి 3న అక్కడ మంచు కింద పూడిపోయిన పదిమందిలో కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. వారిలో మరో జవాను హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికాడు, కానీ 11న ఆసుపత్రిలో కన్నుమూశాడు. అది అరుదైన ఘటన, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిది మంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు దక్కడం కష్టం. సహాయక బృందం కొండెక్కేసరికే గంటలు గడుస్తాయి. కాబట్టి కాపాడాల్సింది పక్కనున్నవాడే, వాడి దగ్గర సంకేత పరికరం, పొడవాటి గుచ్చుకర్ర, పార ఉండాలి.

పర్యాటకుడికి ఎంచుకునే వీలుంది, ఒక్క అడ్వాన్సు దగ్గరే చిక్కు. కట్టిన డబ్బు తిరిగి రాదంటే ఎవరైనా వెళ్దామనే అంటారు. ప్యాకేజీ అమ్మే ఏజెంట్లు భోజనాల పట్టికతో పాటు, డీజీఆర్‌ఈ హెచ్చరిక ఉన్నరోజు ఎక్కించబోమని, పైకం తిరిగిస్తామని రసీదు మీదే రాసివ్వాలి. వడగాడ్పుల సందేశం పంపే మన విపత్తుల సంస్థ చలికాలంలో ఆ హెచ్చరికను కూడా తెలుగులో పంపిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.