పారేసే ముందు ప్రాసెసర్ జబాన్ చూడండి



2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి మా జహీరాబాద్‌లోనూ "ఇది పాతదైపోయింది భాయ్, కొత్తది తీసుకోండి" అనే మష్వరా వినిపిస్తోంది. నా ఖయాల్ వేరు. ముందు ఒక్క సవాల్ అడగండి: చెడిపోయింది మెషినా, లేక సిస్టమే దాన్ని వదిలేసిందా?

ప్రతి రకం ప్రాసెసర్‌కూ తన జబాన్ ఉంటుంది. ఒకే బయాన్‌ను ఒక మస్జిద్‌లో ఉర్దూలో, ఇంకోచోట తెలుగులో చెప్పినట్టు, ఒకే ప్రోగ్రామ్‌ను ఇంటెల్ చిప్‌కు ఒక రకంగా, ఫోన్‌లోని ఆర్మ్ చిప్‌కు ఇంకో రకంగా తర్జుమా చేయాలి. తర్జుమా కంపైలర్ చేస్తుంది. దాన్ని పరీక్షించి, తప్పులు దిద్దుతూ ఏళ్ల తరబడి నడిపేది మాత్రం మనుషులే. ఆ మెహనత్ ఆగిపోతే మంచి మెషిన్ కూడా "పాతది" అయిపోతుంది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను తన 386 కంప్యూటర్ కోసం రాశాడు. వేరే రకం మెషిన్ల మీదికి అది పోదని అప్పట్లో తనే అన్నాడు. ఈరోజు మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆర్మ్ మీద నడుస్తున్నది ఆ లినక్స్ కెర్నలే.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే లినక్స్ వాళ్లూ కొన్నిటిని వదులుతారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 రిస్క్-ఫైవ్ చిప్‌లను కొత్తగా చేర్చుకుంది, 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఆపేసింది. వాటికి నెట్‌బీఎస్‌డీ లాంటివి ఇంకా ఉన్నాయి. అయితే కోర్ 2 డుయో లాంటి చిప్ 64-బిట్‌దే. దాని మీద 32-బిట్ విండోస్ వేసి ఉంటే మెషినే 32-బిట్‌ది అనుకుంటాం. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ తెరిచి చూడండి. 'ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్' అని ఉంటే డెబియన్ 13 ముఫ్త్‌గా వేసుకోవచ్చు. ముందు ఫోటోలు, కాగజాత్ పెన్‌డ్రైవ్‌లో భద్రం చేసుకోండి. 4 జీబీ ర్యామ్ ఉంటే తేలికైన డెస్క్‌టాప్‌తో పని జరిగిపోతుంది.

షాదీ రుక్కాలు ఇన్‌పేజ్‌లో చేసే దుకాణాలకు ఈ మష్వరా ఇవ్వను. అది విండోస్ సాఫ్ట్‌వేర్. బచ్చాల చదువుకు, దుకాణం హిసాబ్‌కు, తిలావత్ వినడానికి మాత్రం డెబియన్ చాలు.

ఇస్రాఫ్ అంటే వలీమాలో మిగిలిన బిర్యానీ పారేయడం ఒక్కటే కాదు. పనిచేసే మెషిన్‌ను కబాడీకి వేయడం కూడా ఇస్రాఫే. మదర్సాకో స్కూలుకో కంప్యూటర్లు కొనే కమిటీ వాళ్లు కౌమ్ సొమ్ము ఖర్చు పెడుతున్నారు. అది అమానత్. కాబట్టి ధర ఒక్కటే కాదు, ఈ కంపెనీ వదిలేశాక దీని మీద వేరే ఏ సిస్టమ్ నడుస్తుందో కూడా కొనకముందే అడగాలి.