హెవీ లైసెన్స్ ఉంది, అనుభవం ఎవరిస్తారు?

దేశంలో డ్రైవర్ల కొరత ఉందని రవాణా కంపెనీలూ కేంద్ర మంత్రులూ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. 2019 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం ఆ కొరత దాదాపు 22 లక్షలు. ఇంకోవైపు మన వాడల్లో హెవీ లైసెన్స్ జేబులో పెట్టుకుని తిరుగుతున్న పాతికేళ్ల కుర్రాళ్లకు బండి దొరకడం లేదు. ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ముందు నిలబడినా మొదటి ప్రశ్న ఒకటే: ‘ఇంతకుముందు ఎవరి బండి మీద చేశావు?’ ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నది మేము కొంతకాలంగా వెతుకుతున్న విషయం.

చట్టం వైపు నుంచి చూస్తే అడ్డంకులు తగ్గుతూ వచ్చాయి. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 1989 నాటి మోటారు వాహనాల రూల్స్‌లో ఉండేది. మేవాత్ ప్రాంతంలో చదువులేని డ్రైవర్లు బతుకుదెరువు కోల్పోతున్నారని హర్యానా ప్రభుత్వం అడిగిన మీదట 2019లో కేంద్రం దాన్ని ఎత్తేసింది. బడి మధ్యలో మానేసిన మన పిల్లలకు అది పెద్ద ఊరటే. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది. అంటే చిన్న గూడ్సు బండితో మొదలుపెట్టడానికి వేరే లైసెన్స్ అక్కర్లేదు. పెద్ద లారీకైతే ఇరవయ్యేళ్లు నిండాలి, ఎల్‌ఎంవీ లైసెన్స్ చేతికొచ్చి ఏడాది గడవాలి, డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్, మెడికల్, టెస్టు కావాలి. ఖర్చు సంగతి పక్కన పెడితే ఇవన్నీ దాటగలిగినవే.

దాటలేనిది కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు.

లారీ నేర్చుకోవడానికి అసలైన బడి డ్రైవింగ్ స్కూల్ కాదు, క్లీనర్ సీటు. తరతరాలుగా డ్రైవర్లు అక్కడి నుంచే వచ్చారు. రెండు మూడేళ్లు టైర్లు విప్పి, పట్టా కట్టి, బండి కడిగి, వంట చేసి, లోడుకు కాపలా పడుకుంటే, ఏదో ఒక రాత్రి ఖాళీ రోడ్డు మీద డ్రైవర్ స్టీరింగ్ ఇచ్చేవాడు. అది దోపిడీయే, సందేహం లేదు. జీతం పేరుకే, దెబ్బలు మాత్రం నిజం. అయినా పని చరిత్ర లేనివాడికి పని చరిత్ర తయారయ్యే చోటు అదొక్కటే. ఇప్పుడు డీజిల్, టోల్, కిస్తీలు లెక్కేసుకుని చాలామంది ఓనర్లు క్లీనర్‌ను మానేశారు. డ్రైవరే అన్నీ చూసుకుంటున్నాడు. నేర్చుకునే చోటు మూసేసి, నేర్చినవాళ్లు దొరకడం లేదని బాధపడటం విచిత్రమే.

మిగిలిన కొద్ది క్లీనర్ సీట్లు ఎవరికి దక్కుతాయి? ఇరవై, ముప్ఫై లక్షల బండి, దాని మీద అంతకంటే విలువైన సరుకు. ఓనర్ నమ్మకం అడుగుతాడు. అందులో తప్పు లేదు. కానీ నమ్మకం అనేది ఇక్కడ పరిచయం రూపంలో వస్తుంది. మా ఊరివాడు, మావాడి కొడుకు, ఫలానా ఆయన చెప్పాడు. లారీలు కొన్న కుటుంబాలు ఎక్కువగా భూమి ఉన్న కులాల నుంచి వచ్చినవే కాబట్టి ఆ పరిచయం పాలేపు గట్టు దగ్గరే ఆగిపోతుంది. పూచీ ఇచ్చేవాడు లేనివాడిని అనుభవం లేనివాడు అంటున్నారు. మేము దీన్ని కులం అంటాం. ఓనర్లు అనరు, బహుశా అలా అనుకోరు కూడా.

నిజానికి ఈ కుర్రాళ్లకు పని చరిత్ర లేకపోవడమేమిటి? పన్నెండేళ్లకే ఇటుక బట్టీ, తర్వాత ఇసుక లోడింగు, ఊరి రైతు ట్రాక్టరు, మునిసిపాలిటీ చెత్త బండి. పదేళ్ల పని ఉంది, ఒక్క చీటీ లేదు. రైతు ట్రాక్టరు మీద సీజనంతా దమ్ము చేసినవాడికి ఎవరైనా సర్టిఫికెట్ రాసిస్తారా?

అయినా మనవాళ్లకు లారీ అంటే మోజు ఎందుకన్నది ఆలోచించదగ్గది. ఊరు దాటాక, హైవే ఎక్కాక, దాబా దగ్గర మంచం మీద కూర్చుంటే పళ్లెం తెచ్చేవాడు ఇంటిపేరు అడగడు. నాగపూర్‌లోనో రాయపూర్‌లోనో అతను ఒక డ్రైవర్, అంతే. ఊళ్లో టీ కొట్టు దగ్గర దొరకనిది వెయ్యి కిలోమీటర్ల అవతల దొరుకుతుంది. జీతం కోసమే కాదు, దీనికోసం కూడా వెళతారు. కాకపోతే బండి తిరిగొచ్చి ఓనర్ ఇంటి ముందు ఆగితే, లెక్క అప్పజెప్పడానికి గడప ఇవతలే నిలబడాలి. ముందు అద్దం మీద ఎవరి కులం పేరు, ఎవరి దేవుడు ఉండాలో ఓనర్ ఇష్టం. అంబేద్కర్ బొమ్మ అంటించాలంటే సొంత బండి కావాలి.

సొంత బండి అంటే సర్కారు పథకాలు గుర్తొస్తాయి. 2021లో తెలంగాణ దళితబంధు కింద కుటుంబానికి పది లక్షలు ఇచ్చినప్పుడు చాలామంది వాహనాలే ఎంచుకున్నారు. ఒకే మండలంలో అన్ని బండ్లు ఒకేసారి దిగితే కిరాయి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న అప్పుడే లేచింది. ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకా సూటిగా ఉంది. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ కోసం 9,260 ఎండీయూ వాహనాలు మొదలయ్యాయి. వాటిలో 2,300 ఎస్సీలకు, 700 ఎస్టీలకు, అరవై శాతం సబ్సిడీతో. నాలుగేళ్లకు పైగా ఆ బండ్లు గల్లీ గల్లీ తిరిగాయి. ప్రభుత్వం మారాక 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి రద్దయింది. రేషన్ ఏ పద్ధతిలో ఇవ్వడం మంచిదన్నది వేరే చర్చ. మా ప్రశ్న చిన్నది: బండి ఇచ్చిన ప్రభుత్వం లోడు కూడా తానే ఇచ్చింది, లోడు ఆపేశాక ఆ డ్రైవర్ల నాలుగేళ్లు ఏ ఖాతాలోకి వెళ్లాయి? రేపు వాళ్లలో ఒకరు లారీ ఆఫీసుకు వెళితే ‘ఎవరి బండి మీద చేశావు’ అన్న ప్రశ్నే ఎదురవుతుంది.

రిజర్వేషన్ ఉన్న చోటా ఇదే తంటా. 2025లో తెలంగాణ ఆర్టీసీకి 1,000 డ్రైవర్ పోస్టుల నోటిఫికేషన్ వచ్చింది. వాటిలో మన వాటా మనకుంటుంది. కానీ దరఖాస్తుకు కొన్ని నెలల ముందే హెవీ లైసెన్స్ ఉండాలి, టెస్టులో బస్సు నడిపి చూపించాలి. బండి ఎక్కనివ్వనివాడు బండి నడపడం ఎక్కడ నేర్చుకుంటాడు?

ఇక్కడ కొత్త లేబర్ కోడ్ సంగతి చూడాలి, దీని మీద మనవాళ్లలో చర్చ చాలా తక్కువ. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినప్పుడు అంబేద్కర్ ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని కోసం 1946లో బిల్లు తెచ్చారు. అదే 48 గంటల హద్దు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోకీ వచ్చింది. ఐదుగురు కార్మికులుంటే ఆ చట్టం వర్తించేది. 2025 నవంబర్ 21న వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చి దాన్ని మింగేసింది. కొత్త కోడ్‌లో ఒక మంచి మాట ఉంది: ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. మనం ఇంతసేపూ వెతుకుతున్న కాగితం అదే. అయితే రవాణా సంస్థకు అది వర్తించాలంటే ఇప్పుడు పది మంది కార్మికులుండాలి. మన రోడ్ల మీద ఎక్కువ లారీలు ఒకటో రెండో ఐదో బండ్లున్న ఓనర్లవి. ఐదును పది చేయడంతో కాగితం పుట్టిన చోటే ఆగిపోయింది.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. ఎస్సీ కార్పొరేషన్ ఇచ్చే శిక్షణ ముప్ఫై రోజుల క్లాసుతో ముగియకుండా, ఏడాది పాటు స్టైపెండ్‌తో నిజమైన లారీ మీద సాగాలి. పౌరసరఫరాలు, బొగ్గు, ఎరువులు మోయించేది ప్రభుత్వ సంస్థలే కాబట్టి, వాటి రవాణా టెండర్లలో బండికొక కొత్త సహాయక డ్రైవర్ ఉండాలని షరతు పెట్టొచ్చు. ఇక ఆ 2,300 మంది ఎస్సీ ఎండీయూ డ్రైవర్లకు, 700 మంది ఎస్టీలకు, ఎన్నేళ్లు ఏ వాహనం నడిపారో రాసి పౌరసరఫరాల శాఖ ముద్రతో అనుభవ పత్రం ఇవ్వడానికి బడ్జెట్టూ కొత్త చట్టమూ అక్కర్లేదు. జిల్లాల్లో పనిచేస్తున్న విద్యార్థి సంఘాలు ఈ ఒక్క వినతిపత్రంతో కలెక్టరేట్‌కు వెళ్లడం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.