తెరచాప పడవకి గుదిబండ ఎందుకు?

పక్క పొలాల్లో పడి మేసే ఆవుకి మెడలో గుదిబండ కడతారు. అది నడవగలదు కానీ పరిగెత్తలేదు. సియాటిల్ చుట్టుపక్కల మెరీనాల్లో కట్టేసి ఉన్న సెయిల్‌బోట్లలో చాలావాటికి ఇలాంటి గుదిబండే ఒకటి ఉంటుంది. నీళ్ళకింద ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. అదే మూడు రెక్కల ఫిక్సెడ్ ప్రొపెల్లర్.

నీటిని తక్కువ అడ్డగించే ప్రొపెల్లర్లు, అంటే లో-డ్రాగ్ ప్రొపెల్లర్లు, రేసులవాళ్ళ సోకు అని మనలో చాలామంది అభిప్రాయం. నా మటుకు నాకు అవి రేసులవాళ్ళకంటే, శనాదివారాల్లో పెళ్ళాంబిడ్డల్నేసుకుని దీవులు చూడబోయేవాళ్ళకే ఎక్కువ అవసరం అనిపిస్తుంది. కాకపోతే అందరికీ కాదు. ఎవరికి, ఎందుకు అన్నదే ఈ టపా.

ముందుగా, పడవల గొడవ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తెరచాప ఉండగా ఇంజనెందుకు అని ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా మా బాబాయి అడుగుతాడు. మెరీనాలోంచి బయటపడ్డానికి, గాలి చచ్చిపోయినప్పుడు ఇల్లు చేరడానికి, పోటుపాట్ల ప్రవాహం ఎదురైనప్పుడు తట్టుకోడానికి. బయటికొచ్చి తెరచాప ఎత్తాక ఇంజను ఆపేస్తాం. అప్పట్నుంచీ ప్రొపెల్లర్ చేసే పనేమీ లేదు, నీళ్ళకి అడ్డంగా వేలాడ్డం తప్ప. వాడని ప్రాసెస్ ఒకటి బ్యాక్‌గ్రౌండులో సగం సీపీయూ తింటూ కూర్చున్నట్టన్నమాట.

సగం అన్నది ఊరికే అన్నమాట కాదు. ముగ్గురం తెలుగువాళ్ళం కలిసి కొన్న 30 అడుగుల బోటుకి లెక్క కట్టి చూశాను. 15 అంగుళాల వ్యాసం, మూడు రెక్కలు, రెక్కల వైశాల్యం మొత్తం వృత్తంలో సగం అనుకోండి. తిరక్కుండా బిగించేసిన ప్రొపెల్లర్ నీటికి ఇంచుమించు ఓ చదును పలకలాంటిది. ఆ లెక్కన 2 నాట్ల స్పీడులో 4 కేజీల లాగుడు, 4 నాట్లకి 15 కేజీలు, 6 నాట్లకి 34 కేజీలు వస్తుంది (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు). హల్ నీడలో ఉంటుంది కాబట్టి నిజంగా ఇంకాస్త తక్కువే ఉండొచ్చు. కానీ అదే 4 నాట్లకి, నున్నటి హల్ మీద నీటి రాపిడి ఒక్కటీ పాఠ్యపుస్తకాల ఫార్ములాతో కడితే వచ్చేది కూడా దాదాపు అంతే! ఎనిమిది మంది పట్టే పడవంతా ఒకెత్తు, అరచేతులంత రెక్కలు మూడూ ఒకెత్తు.

ఇప్పుడు అసలు విషయం. ఈ నష్టం అన్ని వేళలా ఒకేలా బాధించదు. గాలి బాగా ఉన్నప్పుడు బోటు తన హల్ స్పీడు దగ్గరికి వస్తుంది. నీటిమట్టం దగ్గర 25 అడుగుల పొడవున్న పడవకి అది 6.7 నాట్లు. అక్కడ పడవని ఆపేది అది పుట్టించే అల. ఆ గోడ ముందు ప్రొపెల్లర్ లాగుడు చిన్నదైపోతుంది. గాలి తక్కువైనప్పుడు అలల గొడవ ఉండదు, మిగిలేది రాపిడీ, ప్రొపెల్లరూ. అంటే గుదిబండ బరువు తెలిసేది పిల్లగాలిలోనే.

మన ప్యూజెట్ సౌండ్‌లో వేసవి ఎలా ఉంటుందో తెలుసుగా? ఎండ బ్రహ్మాండం, గాలి అంతంతమాత్రం. జులైలో 6 నాట్ల గాలికి బోటు రెండున్నర నాట్లతో పాకుతూ ఉంటుంది. పిల్లలు "ఇంకెంతసేపు" అంటారు. చెయ్యి తనంతట తానే ఇంజను తాళంచెవి మీదకి పోతుంది. ఇంకో అర నాట్ దొరికితే ఆ చెయ్యి ఆగుతుంది. నా వాదనంతా ఈ అర నాట్ దగ్గరే ఉంది. 6 నాట్లని ఆరున్నర చెయ్యడానికి కాదు మనం డబ్బు పెట్టేది. ఇంజను వేసే గంటని తెరచాప గంటగా మార్చుకోడానికి. డీజిల్ మోతలో పోవాలంటే మోటారు బోటే కొనుక్కునేవాళ్ళం కదా!

రేసులవాళ్ళ సంగతి వేరు. చాలాచోట్ల హ్యాండీక్యాప్ కట్టేటప్పుడు ప్రొపెల్లర్ ఏ రకమో కూడా చూస్తారు. ఐఆర్‌సీ, ఓఆర్‌సీ లాంటి పద్ధతుల్లో అది లెక్కలో భాగం. ఫిక్సెడ్ ప్రొపెల్లర్ ఉన్నవాడికి ఎంతో కొంత వెసులుబాటు దొరుకుతుంది. అది పూర్తిగా సరిపోదని రేసులవాళ్ళు గొణుగుతారు, అందుకే గెలవాలనుకున్నవాడు మడతపెట్టేదే వేయించుకుంటాడు. అయినా వాళ్ళకి సగమైనా నష్టపరిహారం ఉంది. క్రూజింగ్ వాడికి ఎవరిస్తారండీ పరిహారం?

సరే, కొనేముందు ఖర్చు లేని పనులు చూద్దాం.

ఒకటి: బిగించాలా, వదిలెయ్యాలా? బిగిస్తే ఆగి ఉంటుంది కాబట్టి లాగుడు తక్కువని చాలామంది నమ్మకం. నిజం తల్లకిందులు. స్కాట్లండులోని స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీవాళ్ళు కొలిచి 2008లో ప్రచురించారు. ఫిక్సెడ్ ప్రొపెల్లర్‌ని బిగించి ఉంచడం కంటే తిరగనిస్తేనే లాగుడు తక్కువ. కాకపోతే మీ గేర్‌బాక్సు తయారీదారు దానికి ఒప్పుకుంటాడో లేదో మాన్యువల్ చూసుకోండి.

రెండు: పాతకాలపు పొడవాటి కీల్ వెనక రెండు రెక్కల ఫిక్సెడ్ ప్రొపెల్లర్ ఉంటే, షాఫ్ట్ మీద రంగుతో గుర్తు పెట్టుకుని, రెక్కలు నిలువుగా కీల్ చాటున దాక్కునేట్టు ఆపి బిగించండి. పైసా ఖర్చు లేదు.

మూడు: హల్ అడుగు గీకించండి. నాచూ, నత్తగుల్లలూ పట్టిన పడవకి నాలుగు వేల డాలర్ల ప్రొపెల్లర్ పెట్టడం, ఇండెక్సు లేని టేబుల్ కోసం కొత్త సర్వర్ కొనడం లాంటిది.

ఇవన్నీ అయ్యాక కూడా కావాలనుకుంటే ప్రధానంగా రెండు జాతులున్నాయి. ఫోల్డింగ్ రకంలో రెక్కలు సాయంత్రం ముడుచుకునే పువ్వులా వెనక్కి ముడుచుకుంటాయి. డెన్మార్కువాళ్ళ గోరి, ఫ్లెక్సోఫోల్డ్ ఈ కోవలోవి. ఫెదరింగ్ రకంలో రెక్కలు ముడుచుకోవు, పక్కకి తిరిగి నీటికి అంచు మాత్రం చూపిస్తాయి, తెడ్డుని నిలువుగా నీళ్ళలో కోసినట్టు. ఇటలీవాళ్ళ మ్యాక్స్-ప్రాప్, న్యూజీలాండువాళ్ళ కివీప్రాప్ ఇలాంటివి. ఇంగ్లండువాళ్ళ ఆటోప్రాప్ మరో తరహా. రెక్కలు వాటంతటవే కోణం సర్దుకుంటాయి, తెరచాపా ఇంజనూ కలిపి నడిపేవాళ్ళకి బావుంటుంది.

కంపెనీల బ్రోషర్లు చూస్తే మా లాగుడు తక్కువంటే మా లాగుడు తక్కువని కొట్టుకుంటూ ఉంటాయి. వాటిని పట్టించుకోకండి. ఫిక్సెడ్ నుంచి వీటిలో దేనికి మారినా పెద్ద భాగం అక్కడే మిగిలిపోతుంది. వీటిలో వీటికి తేడా చాలా చిన్నది. కాబట్టి ఎంచుకోవాల్సింది లాగుడు చూసి కాదు, రివర్సు చూసి.

ఎందుకంటే పడవకి బ్రేకుల్లేవు. ఆపేది రివర్సే. లేక్ యూనియన్‌లోనో, లేక్ వాషింగ్టన్‌లోనో బోటు పెట్టుకున్నవాళ్ళు సముద్రంలోకి పోవాలంటే బల్లార్డ్ లాక్స్ దాటాలి. 1917లో లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగిన ఈ నీటి మెట్లు, సముద్రం కంటే 20-22 అడుగులు ఎత్తున ఉన్న సరస్సుకీ ఉప్పునీటికీ మధ్య పడవల్ని ఎక్కించి దించుతాయి. లోపల ఒక పక్క కాంక్రీటు గోడ, ఇంకో పక్క ఎవరిదో మెరిసిపోయే పడవ, వెనక నుంచి తోసే ప్రవాహం, పైన వంతెన మీద చూస్తూ నిలబడ్డ జనం. అక్కడ రివర్సు వేస్తే పడవ ఆగి తీరాలి.

ఫోల్డింగ్‌లో రెక్కల్ని తెరిచేది తిరిగే వేగం. ముందుకి వెళ్ళేటప్పుడు తోపుడు కూడా రెక్కల్ని తెరిచే వైపే పనిచేస్తుంది. రివర్సులో అదే తోపుడు వాటిని మూసే వైపు లాగుతుంది. అందుకని పళ్ళచక్రాలు లేని పాత రెండు రెక్కల మోడళ్ళు రివర్సులో బద్ధకిస్తాయి. రెండు రెక్కల్నీ పళ్ళచక్రాలతో ముడిపెట్టిన కొత్తవి చాలా నయం. ఫెదరింగ్‌లో రెక్క తిరగబడి అదే ముందంచుతో నీటిని కోస్తుంది కాబట్టి రివర్సు గట్టిగా ఉంటుంది. బదులుగా చదును రెక్కల మోడళ్ళు ముందుకి పోయేటప్పుడు కాస్త తక్కువ సమర్థంగా ఉంటాయి, గ్రీజు పెట్టించాలి, ఖరీదూ ఎక్కువే. ఫిక్సెడ్ వందల డాలర్లలో వస్తుంది, రెండు రెక్కల ఫోల్డింగ్ రెండు వేలకి అటూ ఇటూ, మూడు రెక్కల ఫెదరింగ్ ఇంకా ఎక్కువ.

మా ముగ్గురిలో ఒకడు "ఒరే, ఆ డబ్బుతో కొత్త తెరచాప వస్తుంది కదరా" అంటాడు. వాడి మాటలో న్యాయం ఉంది. తెరచాప గోనెసంచిలా సాగిపోయి ఉంటే ముందు అదే కొనాలి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: ఏడాదిలో ముప్పావు వంతు ఇంజను మీదే తిరిగేవాళ్ళకీ, అలస్కా దారిలో రోజంతా మోటార్ మీద పోయేవాళ్ళకీ ఫిక్సెడ్ ప్రొపెల్లరే రాజు. చవక, మొండిది, విరిగేదేమీ లేదు.

అందుకే నా సలహా, ఏ ప్రోగ్రామర్‌కైనా తెలిసిన సలహానే: ముందు ప్రొఫైల్ చెయ్యండి, తర్వాతే ఆప్టిమైజ్ చెయ్యండి. ఒక సీజన్ పాటు లాగ్ పుస్తకంలో మూడు అంకెలు రాయండి: తెరచాప మీద గంటలు, ఇంజను మీద గంటలు, "గాలి ఉంది కానీ ఓపిక లేక" ఇంజను వేసిన గంటలు. మూడోది లెక్కకొచ్చేంత ఉంటే డబ్బు పెట్టండి. సున్నాకి దగ్గరగా ఉంటే ఆ డబ్బు పిల్లల లైఫ్ జాకెట్లకి పెట్టండి.

మా లాగ్‌లో మూడో అంకె లెక్కకొచ్చేంత ఉంది. అందుకే ఈ చలికాలం బోటు ఒడ్డుకి ఎక్కించినప్పుడు ఫెదరింగ్ వేయిద్దామన్నది నా ఓటు. లాక్స్‌లో రివర్సు విషయంలో నాకు బేరాల్లేవు.

తా.క.: కొనేటప్పుడు షాఫ్ట్ కొలత, గేర్ నిష్పత్తి, ప్రొపెల్లర్ కుడికి తిరుగుతుందా ఎడమకా అన్నవి రాసుకు వెళ్ళండి. బిగించాక నిండు థ్రాటిల్‌లో ఇంజను దాని పూర్తి ఆర్‌పీఎమ్ అందుకోవాలి. అందుకోక నల్లపొగ వస్తుంటే పిచ్ ఎక్కువైందని అర్థం. మంచినీళ్ళలో కట్టేవాళ్ళు జింక్ ఆనోడ్ మీద ఆధారపడొద్దు, అక్కడ అది సరిగ్గా పనిచెయ్యదు. ఉప్పునీళ్ళకీ మంచినీళ్ళకీ తిరిగే బోటుకి అల్యూమినియందే నయం.