మురళీ నాయక్ తల్లి అడుగుతున్నది దయ కాదు, హక్కు

తెల్లవారుజామున మిరప చేలకు నీళ్లు పెట్టడానికి వెళ్లేవాళ్లకు పెదకాకాని చుట్టుపక్కల రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్లు కనపడుతూనే ఉంటారు. ఒకరిది కానిస్టేబుల్ ఆశ, ఇంకొకరిది ఆర్మీ ఆశ. ఎవరైనా పరుగెత్తాల్సింది 1,600 మీటర్లే. చాలామంది చిన్న రైతుల, కౌలుదార్ల, కూలీల పిల్లలు. వాళ్లను చూస్తే మురళీ నాయక్ గుర్తుకొస్తాడు.

శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ మురళి. తల్లిదండ్రులు ముంబయి పోయి కూలి చేసి పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు. అగ్నివీర్‌గా సైన్యంలో చేరాడు. ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మే 9న, జమ్మూ కశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో నేలకొరిగాడు. మర్నాడు సాయంత్రానికే కాల్పుల విరమణ ప్రకటించారు. ఆ ఒక్క రోజు గడిచి ఉంటే ఆ ఇంట్లో దీపం ఆరేది కాదు.

అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, అయిదెకరాల పొలం, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మంచి పనే. కాదనం.

కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. 2022 జూన్‌లో తెచ్చిన అగ్నిపథ్ పథకంలో ఉద్యోగం నాలుగేళ్లే. ఆ తర్వాత నూటికి 25 మందినే ఉంచుకుంటారు. చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉన్నాయి. రెగ్యులర్ సైనికుడి కుటుంబానికి వచ్చే జీవితకాల పెన్షన్ మాత్రం లేదు. ఒకే కందకంలో ఇద్దరూ ఉంటారు, ఒకే గుండు ఇద్దరికీ తగులుతుంది. తల్లుల దుఃఖానికి మాత్రం రెండు లెక్కలా? ఈ తేడా పోవాలనే మురళి తల్లి బొంబాయి హైకోర్టు తలుపు తట్టింది.

ఈ లెక్క రైతుకు కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి గుంటూరు యార్డులో రైతు గగ్గోలు పెడితే, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. అదీ ఆ ఒక్క సీజనుకే. మిర్చికి కనీస మద్దతు ధర నేటికీ లేదు. గోల చేసినప్పుడు ఇంత ఇచ్చేది దయ. గోల లేకున్నా వచ్చేది హక్కు. మనకు గిట్టుబాటు ధర ఎలాగో, అమరుడి తల్లికి పెన్షన్ అలాగ.

మన పిల్లలు దేశభక్తితోనే పోతారు, నిజమే. సేద్యంలో అన్నం లేక కూడా పోతారు. పోలీసు కొలువైనా సకాలంలో దొరుకుతుందా? 2022 నవంబరులో ఇచ్చిన 6,100 కానిస్టేబుల్ పోస్టుల నోటిఫికేషన్‌కు తుది రాతపరీక్ష 2025 జూన్ 1న గాని జరగలేదు. ఈలోపు వయసు మీరిపోయినవాళ్లు ఏం చేయాలి?

1965 యుద్ధకాలంలో లాల్ బహదూర్ శాస్త్రి జవానునూ కిసానునూ ఒకే నినాదంలో కలిపారు. నేడు ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. అందుకే సంయుక్త కిసాన్ మోర్చా 2022 జూన్ 24నే అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా దేశమంతా నిరసన తెలిపింది.

విధి నిర్వహణలో అమరుడైన ప్రతి అగ్నివీర్ కుటుంబానికీ రెగ్యులర్ సైనికుడితో సమానంగా పెన్షన్ ఇవ్వాలి. నాలుగేళ్ల కాంట్రాక్టు కొలువు రద్దుచేసి పాత పద్ధతిలో నియామకాలు జరపాలి. పోలీసు నియామకాలు ఏటా క్రమం తప్పకుండా చేపట్టాలి. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాలు మురళీ నాయక్‌కు రెండు నిమిషాల మౌనంతో మొదలుపెట్టి, ఈ మూడు డిమాండ్లపై తీర్మానాలు చేసి పంపాలని సభ్యులందరినీ కోరుతున్నాం.

మురళీ నాయక్‌కు జోహార్లు!