నూనె రాస్తే పోయేదేముంది?

“నూనె రాస్తే పోయేదేముంది?” ఈ మాట వినని ఇల్లు మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఉండదు. మొన్న ఒక మర్దనశాలవారి కరపత్రం చేతికి వచ్చినది. తైలమర్దనం సర్వరోగహరమట, సాక్షి వాగ్భటాచార్యులట! పోయేదేమిటో చెప్పక తప్పదనిపించి ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

అష్టాంగహృదయం సూత్రస్థానం రెండవ అధ్యాయంలో నిత్యాభ్యంగనం చెప్పిన మాట నిజమే. ఆ వెంటనే కఫగ్రస్తులకు, వమన విరేచనాదులతో శుద్ధి పొందినవారికి, అజీర్ణం ఉన్నవారికి అది వర్జ్యమన్నదీ ఆయనే. మొదటి సగం చదివి రెండవ సగం మింగివేయడం పాండిత్యమా, వ్యాపారమా? (నా విద్యార్థి ఇట్లా తాత్పర్యం వ్రాస్తే సగం మార్కులు కూడా వేసేవాణ్ణి కాను.)

మా పెదతండ్రిగారి అబ్బాయిది ఉద్దానంలో కవిటి దాపు. రెండు పాదాలకూ నీరు దిగినది. వేలితో నొక్కితే గుంట పడేది. వాతమన్నాము. మూడు నెలలు పూటపూటా మర్దన. ఆ నూనె కాచి యిచ్చినది నేనే. చివరకు రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎప్పుడో హద్దు దాటినది. ఉద్దానంలో పుట్టిపెరిగిన మాకు మూత్రపిండాల జబ్బు తెలియనిదా? మర్దన అన్నయ్య మూత్రపిండాలను చెడగొట్టలేదు. వైద్యానికి అక్కరకు రావలసిన మూడు నెలలను కాజేసినది. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనవి. దూరమనే సాకు కూడా ఇక చెల్లదు.

ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, సలుపుతూ ఉంటే అది ఇంకా ప్రమాదం. లోపలి సిరలో నెత్తురు గడ్డ కట్టి ఉండవచ్చు. పిసికితే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. బాలింతలకు ఒళ్ళు పట్టే మన పెద్దమ్మలు ముందుగా పిక్కలు చూడాలి.

బోదకాలు మనకు కొత్త కాదు. జ్వరం వచ్చి కాలు ఎర్రబడి మండుతున్న రోజులలో దానిని మర్దించరాదు. నెమ్మదించిన తరువాతనైనా సబ్బుతో కడగడం, వ్రేళ్ళ సందులు తడి లేకుండా తుడవడం, కాలు ఎత్తున పెట్టుకోవడం ముఖ్యం. మర్దన చేసినా అది తెలిసినవారి చేత, చర్మం కదిలేటంత తేలికగానే. కండలు పిసికే బలం అక్కడ పనికిరాదు.

నేను మర్దనకు శత్రువును కాను. నేటికీ శనివారం నువ్వులనూనె లేనిదే నాకు స్నానం లేదు. ఆ కరపత్రం వెనుకనే నాలుగు ప్రశ్నలు వ్రాసి వారికి తిప్పి పంపినాను. వాపు ఒక కాలికా, రెండింటికా? జ్వరమున్నదా? ఈమధ్య శస్త్రచికిత్స గాని కాన్పు గాని అయినదా? నెత్తురు గడ్డకట్టకుండా మందులు వాడుతున్నారా? చేయి వేసే ముందు వీటిని అడుగుతున్నారా అని.

జవాబు ఇంకా రాలేదు.