రేకు కోసేవాడి ఊపిరికి పూచీ ఎవరిది?

చిక్కబళ్లాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఏ ఊరికి పోయినా సిమెంటు రేకుల కప్పు కనిపిస్తుంది. బోద కొట్టాలు పోయి రేకులు వచ్చాయి. పట్టుపురుగుల షెడ్డు, ఆవుల కొట్టం, బాడుగ గదులు, హోటళ్లు అన్నింటికీ అవే. బీదాబిక్కీకి తక్కువ ఖర్చులో తడవని నీడ ఇచ్చింది ఈ రేకే. అందుకు దాన్ని తప్పుపట్టే పని లేదు. అయితే ఆ పాత కప్పులు ఇప్పుడు ఒక్కొక్కటే దిగుతున్నాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాళ్లు మిద్దె పోస్తున్నారు, లేదంటే రంగురేకులు వేయిస్తున్నారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతోంది.

పాత సిమెంటు రేకులో దాదాపు పదో వంతు ఆస్బెస్టాస్, అంటే రాతినార. సిమెంటులో బిగుసుకుని ఉన్నంతకాలం దాంతో పెద్ద అపాయం లేదు. మిషనుతో కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, సుత్తితో పగలగొట్టినప్పుడు, రంగు వేయడానికి ముందు పాచిని వైరు బ్రష్షుతో గీకినప్పుడు మాత్రం ఆ నార కంటికి కనిపించని పోగులై గాలిలో కలుస్తుంది. గంటల తరబడి తేలుతుంది. ఊపిరితిత్తుల్లో చేరిన పోగులు చాలావరకు అక్కడే ఉండిపోతాయి. ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సరు, మీసోథీలియోమా అనే మరో క్యాన్సరు దీనివల్ల వస్తాయి. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. బీడీ, సిగరెట్ తాగేవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఇందులో మోసం ఏమిటంటే, రోగం బయటపడటానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. "ఇన్నేండ్లుగా కోస్తా ఉండా, నాకేమైందప్పా?" అనే మేస్త్రీ మాట ధైర్యమే గాని సాక్ష్యం కాదు. ఈరోజు దుమ్ము మింగిన పాతికేళ్ల కుర్రాడు యాభై ఏళ్లకు ఆయాసంతో ఆస్పత్రికి పోతే, ఏ ఇంటి కప్పు దించినప్పుడు పట్టిందో ఎవరు చెప్పగలరు?

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమ కార్మికుల కోసం గట్టి తీర్పే ఇచ్చింది. పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు వారి ఆరోగ్య రికార్డులు భద్రపరచాలని చెప్పింది. రోగం రుజువైతే లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలంది. బాగానే ఉంది. కానీ ఆ రక్షణ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. అదే రేకును వీధిలో కోసే కూలీకి రికార్డూ లేదు, పరీక్షా లేదు, పని చేసినట్టు చీటీ కూడా లేదు.

సరిహద్దుకు అవతల కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఈ రాతినారను తవ్వేవారు. కేంద్రం 1986లో కొత్త లీజులు, 1993లో లీజుల పొడిగింపు ఆపింది. అయినా విదేశాల నుంచి తెప్పించిన నారతో రేకుల తయారీ సాగుతూనే ఉంది. తవ్వకానికి పనికిరానిది వాడకానికి పనికొస్తుందా? పూర్తి నిషేధం కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011లో తోసిపుచ్చింది. కాబట్టి నిషేధం వస్తుందని చేతులు ముడుచుకుని కూర్చుంటే లాభం లేదు. ఉన్న రేకును జాగ్రత్తగా దించడం నేర్చుకోవాలి.

అదేమంత బ్రహ్మవిద్య కాదు. బాగున్న రేకును కదిలించకపోవడమే మేలు. దించక తప్పకపోతే ముందు నీళ్లతో బాగా తడపాలి, పని అయ్యేవరకు తడి ఆరనివ్వరాదు. తుప్పుపట్టిన బోల్టులను కత్తిరించి రేకును పగలకుండా నిండుగా దించాలి, పైనుంచి విసరరాదు. కోత మిషను ముట్టరాదు. కర్చీఫు, నీలిరంగు ఆస్పత్రి మాస్కు ఈ పోగులను ఆపలేవు. ఎఫ్‌ఎఫ్‌పి3 లేదా పి100 రకం మాస్కే కావాలి. పాత రేకు మనిషి బరువుకు విరుగుతుంది గనుక దానిపై కాలు పెట్టకుండా పలకలు పరుచుకోవాలి. పొడి చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవాలి. పని బట్టలు విడిగా ఉతకాలి. బట్టల వెంట దుమ్ము ఇంటికి వస్తే భార్యాబిడ్డలకూ ముప్పే. ముక్కలను మందపాటి ప్లాస్టిక్ పట్టలో చుట్టాలి గాని గుంతలు పూడ్చడానికి, చెరువుగట్టున పారేయడానికి కాదు.

అమెరికాలో 1980కి ముందు కట్టిన చాలా ఇళ్ల సీలింగుకు కొట్టిన గరుకు పూతలోనూ ఈ నారే ఉండేది. దాన్ని గోకే ముందు ముక్క తీసి పరీక్ష చేయించాలని అక్కడి అధికారులు చెబుతారు. ఇక్కడ రేకు దించే ముందు బకెట్ నీళ్లు పోయమని చెప్పే దిక్కు లేదు.

కట్టడ కార్మికుల సంక్షేమ మండలికి నిర్మాణాల ఖర్చులో ఒక శాతం సెస్సు అందుతుంది. ఆ డబ్బుతో మేస్త్రీలకు, కూలీలకు సరైన మాస్కులు ఇవ్వాలి, తెలుగులో, కన్నడంలో శిక్షణ ఇవ్వాలి, ఈ పని చేసేవారి పేర్లు, ఆరోగ్య వివరాలు నమోదు చేయాలి. నగరసభలు, పురసభలు, పంచాయితీలు పాత రేకుల కోసం ఒక చోటు చూపాలి. బడుల రేకుల కప్పులు మార్చాలని కేరళ మానవ హక్కుల కమిషన్ 2009లోనే చెప్పింది. ఈ తాలూకాల్లో కనీసం బడులు, అంగన్‌వాడీల లెక్కయినా తీయాలి.

ఇంటి యజమానుల బాధ్యతా తక్కువేం కాదు. లక్షలు పోసి మిద్దె కట్టేవారికి నాలుగు మాస్కులు, కాసిన్ని నీళ్లు, పనికి మరో పూట గడువు భారం కాబోవు. కూలీ మాట్లాడుకునేటప్పుడే ఇవీ మాట్లాడుకోవాలి.